భూషణం అనుమతి లేకుండా

చాందిని బీఈడీకి దరఖాస్తు పెట్టనని చెప్పినప్పుడు, దీనికి ఏదో జబ్బు చేసిందని అనుకున్నాను. జగదల్‌పూర్‌లో ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. యూనివర్సిటీ మొత్తంలో రెండో స్థానం వచ్చింది. లెక్కలు చదివిన ఆడపిల్లకి బీఈడీ, ఆ తర్వాత మా ఊరు బచేలిలోనే స్కూలు ఉద్యోగం, ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ దారిని నేను అది పన్నెండో తరగతిలో ఉండగానే మనసులో వేసి పెట్టుకున్నాను. ఆ దారిలో లారీలు కూడా తిరగవు.

పేటెంటు చట్టం నేర్చుకుంటానంది. అదేమిటని అడిగాను. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే, ఇన్నేళ్లపాటు దాన్ని ఇంకెవరూ చేసి అమ్మకూడదని ప్రభుత్వం చేత రాయించుకోవడమట. లాయరు పని కదా అంటే, లాయరు కాకపోయినా ఫరవాలేదు, సైన్సు డిగ్రీ ఉండి ప్రభుత్వం పెట్టే పరీక్ష నెగ్గితే చాలంది. పరీక్ష ఎప్పుడని అడిగాను. ఏటా ఉండదట, ఎప్పుడు పెడితే అప్పుడట. ఎప్పుడు జరుగుతుందో తెలియని పరీక్షకి కూర్చుని చదివేవాళ్లని నేను అంతవరకూ చూడలేదు.

"లెక్కలక్కూడా పేటెంటు ఇస్తారా?" అని అడిగాను.

"ఇవ్వరమ్మా. గణిత పద్ధతులకి ఇవ్వకూడదని చట్టంలోనే రాసుంది. లెక్కలు చదివినవాళ్లని మాత్రం లోపలికి రానిస్తారు."

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తన చదువుకి చోటు లేదని రాసి పెట్టిన ఇంటికే వెళ్తానంటోంది.

మావారు రాజేశ్వరరావు ఇక్కడి ఇనప గనిలో డంపరు లారీ నడుపుతారు. విజయనగరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. "చెయ్యనీ. అదేటి దొంగతనమా?" అని ఊరుకున్నారు. నేను ప్రతిదానికీ ముందు చెడే ఊహిస్తానని ఆయన అంటారు. నిజమే. షిఫ్టు నుంచి ఆయన పావుగంట ఆలస్యంగా వస్తే డంపరు కొండ మీంచి దొర్లిపోయిందనే అనుకుంటాను. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ దొర్లలేదు. అయినా ఆ పావుగంట అలాగే గడుస్తుంది.

చాందిని ఇంట్లో కూర్చుని, హైదరాబాదులో రాజశేఖర్ గారనే పేటెంటు ఏజెంటు ఫోన్లో చెప్పే పాఠాలు వింది. ఆరు నెలలయ్యాక ఆయన ఒక మాటన్నారు. ఒక దరఖాస్తు మొదటి నుంచి చివరి దాకా సొంతంగా రాసి చూపించు, బాగుంటే నా ఆఫీసులో చేర్చుకుంటాను, పరీక్ష ఎప్పుడు పెడితే అప్పుడు రాద్దువుగాని అని. ఆయన దగ్గరికి అలా అడుగుతూ వచ్చేవాళ్లందరూ ఇంజనీర్లట. లెక్కల పిల్ల ఇనప వస్తువు గురించి రాయగలదా అని ఆయన అనుమానం. నా అనుమానమూ అదే.

రాయడానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి కనిపెట్టి ఉండాలి కదా. అది భూషణం దగ్గర దొరికింది.

భూషణం బజారులో వెల్డింగు షాపు నడుపుతాడు. భోపాల్‌పట్నం వైపు మనిషి. మా కాలనీలో గేట్లూ, కూలర్ స్టాండ్లూ అన్నీ అతని చేతివే. తెలుగువాళ్లమని నన్ను అక్కా అంటాడు, ఆ వరసన చాందినికి మామయ్యాడు. మా కూలర్ స్టాండు కాలు అతికించుకోడానికి చాందిని వెళ్లినప్పుడు, షాపు వెనక గోనెసంచి కింద ఒక వస్తువు దాని కంట పడింది. చింతపండు గింజ తీసే మిషను.

మా చుట్టుపక్కల పల్లెల్లో ఎండలు మొదలైతే ఆడవాళ్లంతా గుమ్మాల ముందు కూర్చుని, చింతపండుని రాయి మీద పెట్టి కర్రతో కొట్టి గింజ తీస్తూ కనిపిస్తారు. వేళ్లు పగిలిపోతాయి. గింజ చితికితే పండు రంగు చెడుతుంది. భూషణం మిషనులో రెండు రోలర్లున్నాయి. ఒకదానికి పాత సైకిలు టైరు చుట్టాడు. రెండోదానికి వరసగా సన్నటి పళ్లు పెట్టాడు. రెంటి మధ్య సందు ఒక స్ప్రింగు మీద ఆడుతుంది. కాలితో తొక్కితే పండు చీలుతుంది, గింజ తగలగానే సందు కాస్త విచ్చుకుని దాన్ని పగలకుండా పక్కకి వదిలేస్తుంది. చూసేదాకా నేనూ నమ్మలేదు.

చాందిని అతనికి ఒకే ఒక్క షరతు పెట్టింది. దరఖాస్తు వేసేదాకా దీన్ని ఎవరికీ చూపించకూడదు. లోకం చూసేసిన వస్తువు కొత్తది కాదు, కొత్తది కాకపోతే పేటెంటు రాదు. అతని షాపుకి మూడు వైపులా గోడల్లేవు. అందుకని ఒక ఆదివారం ఆ మిషను టెంపోలో మా క్వార్టరు పెరట్లోకి వచ్చింది. నీళ్ల ట్యాంకు పక్కన దింపి, పైన టార్పాలిన్ కప్పి, భూషణం నా ఎదురుగానే ఇంకోసారి చెప్పాడు.

"ఎవ్వరికీ చూపకు అక్కా. నా ఇంటిదానికి కూడా చూపలే నేను."

నేను తలూపాను. ఆ రోజు నుంచి నాకు కొత్త భయాలు పట్టుకున్నాయి. కాలనీ తనిఖీకి వచ్చేవాళ్లు చూస్తే క్వార్టరు ఖాళీ చేయమంటారేమో. పిల్లి దూకితే ఆ పళ్లలో పడుతుందేమో. చాందిని చెయ్యి పెడుతుందేమో. మొత్తానికి అందులో చెయ్యి పెట్టింది నేనే, చింతపండు వేయడానికి. ఆ ఏడు మా ఇంటికి సరిపడా పండంతా నేను దాని మీదే తీశాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

చాందిని రాయడానికి మూడు నెలలు పట్టింది. భూషణం షాపు కట్టేశాక వచ్చి పెరట్లో స్టూలు మీద కూర్చునేవాడు. ఇది నోటు పుస్తకం పట్టుకుని ప్రశ్నలు వేసేది. ఒక్క రోలరే ఉంటే పని చేస్తుందా? టైరు బదులు తోలు చుడితే? స్ప్రింగు బదులు బరువు వేలాడదీస్తే? కాలితో కాక మోటారుతో తిప్పితే? మొదట్లో అతను ఉత్సాహంగానే చెప్పాడు. పదిహేను రోజులయ్యేసరికి విసుగొచ్చింది.

"ఏంది బిడ్డా ఇది. నేను చేసింది ఒక్క మిషను. నువ్వడిగేదంతా నేను చెయ్యని మిషన్ల గురించి."

"నువ్వు చెయ్యనివే రేపు వేరేవాళ్లు చేస్తారు మామా. రెండు రోలర్లని రాస్తే మూడు పెట్టి మాది వేరంటారు. టైరని రాస్తే తోలు చుడతారు. వాళ్లు ఎటు నుంచి వచ్చినా నీ గోడ తగలాలి."

"మరి గోడ ఎంత పొడుగు?"

"అదే కొలుస్తున్నాను."

ఆ గోడ అంటే ఒక వాక్యం. ఎంత పొడుగైనా ఒకటే వాక్యంగా రాయాలట, మధ్యలో ఫుల్‌స్టాపు పెట్టకూడదట. దాన్ని నాకు తెలుగులో చదివి వినిపించింది. ఇంత పొడుగు మాట్లాడే మనిషిని ఏ ఇంట్లోనూ కోడలిగా ఉంచుకోరన్నాను. భూషణం గట్టిగా నవ్వాడు. అతనికి అర్థమైందో లేదో తెలియదు గానీ, అందులో తన మిషను ఉందని మాత్రం గుర్తు పట్టాడు.

రాజశేఖర్ గారు రెండుసార్లు ఫోన్లో హెచ్చరించారు. ముందు ఉన్నది ఉన్నట్టు తాత్కాలికంగా దాఖలు చేసి తేదీ సంపాదించు, ఆ తర్వాత ఎవరు చూసినా భయం లేదు, పూర్తి కాగితం ఏడాదిలోగా ఇవ్వొచ్చు అని. చాందిని వినలేదు. గోడలో ఇంకొక్క సందు మిగిలింది సార్, అది మూశాక వేస్తాను అంది. లెక్కల్లో అలాగేనట, ఒక్క సందర్భం మిగిలిపోయినా రుజువు కాదట. నేను పక్కనే బియ్యం ఏరుతూ విన్నాను. నాకు అప్పుడు ఆయన మాటే సబబనిపించింది. చెప్పలేదు. నేను చెప్పే జాగ్రత్తలు ఎక్కువైపోయి, ఇంట్లో ఎవరూ లెక్క చేయడం మానేశారు.

ప్రతి శుక్రవారం మా వీధి ఆడవాళ్లం గంగారత్నం గారింట్లో లలితా సహస్రనామం చదువుతాం. ఆవిడ భర్త గనిలో ఫోర్‌మన్. కొడుకు అరుణ్ నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. ఒక శుక్రవారం ప్రసాదం చేతిలో పెడుతూ ఆవిడ అడిగింది.

"లెక్కల్లో అంత పేరు తెచ్చుకున్న పిల్ల వెల్డింగు షాపులో కూర్చుంటోందట కదా కుమారీ? అతను కూడా మీ ఇంటికొచ్చి పోతున్నాడట?"

అతను నాకు తమ్ముడి లాంటివాడనీ, దీనికి తండ్రి వయసనీ చెప్పాను. "నేనేం అన్లేదమ్మా" అంది ఆవిడ. పక్కనున్న ఇద్దరు ప్రసాదం తినడం ఆపి నావైపు చూశారు. అలాంటి మాట ఒక ఇంట్లో పుడితే పక్క ఊరు కిరందుల్ దాకా ఎన్ని రోజుల్లో వెళ్తుందో నాకు తెలుసు. ఆ తర్వాత దానికి పెళ్లి చూపులు ఉండవు. స్కూల్లో ఉద్యోగం ఉండదు. మావారు షిఫ్టులో తల దించుకుని కూర్చుంటారు. ఇంటికొచ్చేసరికి ఇవన్నీ జరిగిపోయినట్టే ఉంది నాకు.

మర్నాడు మావారూ చాందినీ లేని సమయంలో టార్పాలిన్ తీశాను. ఫోను బక్కెట్టుకి ఆనించి నిలబెట్టి, మిషను తొక్కుతూ చింతపండు వేస్తూ నలభై సెకన్ల వీడియో తీశాను. వీడియో ఒక్కటే ఉంటే ఇది వెల్డరు పనే అనుకుంటారని, చాందిని బల్ల మీద ఉన్న బొమ్మల కాగితాలు రెండు ఫొటో తీశాను. రోలర్లు, స్ప్రింగు, ప్రతిదానికీ ఒక అంకె, బాణం గుర్తు. చదువుకున్న పిల్ల పని అని ఎవరికైనా తెలుస్తుంది. మూడూ మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "మా చాందిని దీనికి పేటెంటు రాస్తోంది" అని కింద రాశాను.

చాందిని పెట్టిన షరతు నాకు గుర్తుంది. మరిచిపోయి చేశానంటే అబద్ధమవుతుంది. కానీ లోకం చూడకూడదని కదా అంది. లోకమంటే నా లెక్కలో మగవాళ్లు, ఫ్యాక్టరీలు, రాయ్‌పూర్. మా గ్రూపులో ఉన్నది నలభై ముగ్గురం. అందరం ఒకరింటి పురుళ్లకి ఒకరం అన్నం వండి పంపినవాళ్లమే. అది లోకమని నాకు తట్టలేదు.

చప్పట్ల బొమ్మలు చాలా వచ్చాయి. గంగారత్నం గారు మూడు పెట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులు నేను దేనికీ భయపడలేదు. నా విషయంలో అదే అనుమానించాల్సిన సంగతి.

ఐదో రోజు పొద్దున పది గంటలకి భూషణం వచ్చాడు. బయట టెంపో ఆపి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఫోను తీసి చాందినికి ఇచ్చాడు.

గంగారత్నం గారు ఆ వీడియో అరుణ్‌కి పంపింది. అరుణ్ గర్వపడి, మా బచేలి అమ్మాయి అని రాసి, బస్తరు వింతలు చూపించే ఒక ఫేస్‌బుక్ పేజీకి ఇచ్చాడు. అక్కడ పదకొండు వేల మంది చూశారు. గీదం నుంచి ఒక వ్యాపారి ఆ పూట భూషణం షాపుకి వచ్చి, ఆ వీడియో చూపించి, ఇలాంటిది ఒకటి చేసిపెట్టగలవా అని అతన్నే అడిగాడట.

"నా మిషను చూపి, నాకు చేతనైతదా అని అడిగిండు," అన్నాడు భూషణం. అతని గొంతులో కోపం లేదు. "మా ఇంటిది వెంకమ్మ నెల రోజులు అడిగింది బిడ్డా, ఏం చేస్తున్నవు ఏం చేస్తున్నవు అని. చెప్పలే. ఆమె వేరే అనుమానం పడ్డది. అయినా చెప్పలే. నువ్వు చెప్పొద్దన్నవని."

చాందిని ఫోను వైపు చూస్తూ ఉంది. వీడియోలో మొహం లేదు. రెండు చేతులు, ఆకుపచ్చ గాజులు, నీళ్ల ట్యాంకు కనిపిస్తాయి. అది రెండోసారి పెట్టి చూసింది. నా చేతులు నాకు తెలిసినట్టే దానికీ తెలుసు. నేను వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"నా దగ్గర్నించే వెళ్లింది మామా," అంది. "బాధ్యత నాదే."

అతను తలూపాడు. టెంపోవాడితో కలిసి మిషను మోసుకుపోయాడు. నేను మాట్లాడలేదు. అతను మెట్లు దిగేటప్పుడు మాట్లాడవచ్చు. టెంపోకి ఎక్కించేటప్పుడు మాట్లాడవచ్చు. టీ చల్లారిపోయాక గ్లాసు కడిగి బోర్లించాను.

చాందిని అరవలేదు. అరిస్తే బాగుండును. ఏ రోజు పెట్టావు, ఎన్ని గంటలకి, ఎవరెవరున్నారు గ్రూపులో అని ఒకదాని తర్వాత ఒకటి అడిగి, నోటు పుస్తకంలో రాసుకుంది. భూషణాన్ని స్ప్రింగు గురించి అడిగినట్టే అడిగింది.

"అరుణ్‌కి ఫోన్ చేసి తీయించేస్తాను," అన్నాను. "నేనూ తీసేస్తాను. ఇవాళే దరఖాస్తు వేసెయ్. ఎవరికేటి తెలుస్తుంది?"

"చూసిన పదకొండు వేల మందికి తెలుసు."

"వాళ్లు మరిచిపోతారే."

"ఒకడు మరిచిపోడు. మామ మిషను బాగా అమ్ముడుపోయే రోజు కోసం ఆగి, ఆ వీడియో తీసుకొస్తాడు. మధ్యలో ఒక మెట్టు దాచి జవాబు రాస్తే, ఆ కిందదంతా తప్పేనమ్మా."

తర్వాత నా ఎదుటే స్పీకరులో పెట్టి రాజశేఖర్ గారికి ఫోన్ చేసింది. ఏమీ దాచలేదు, ఒక్క నా పేరు తప్ప. ఇంట్లోవాళ్లు అంది. ఆయన తేదీలు ఇంకోసారి చెప్పించుకున్నారు. తర్వాత చెప్పారు. తాత్కాలికంగా వేసి ఉంటే ఈ గొడవే లేదు, ఆ తప్పు నీది. అయినా చట్టంలో ఒక దారి ఉంది. కనిపెట్టిన మనిషి అనుమతి లేకుండా వేరేవాళ్లు బయటపెడితే, సంగతి తెలిసిన వెంటనే ఆలస్యం చేయకుండా అతను దరఖాస్తు వేస్తే, ఆ బయటపెట్టడాన్ని అతనికి వ్యతిరేకంగా పట్టించుకోరు. కానీ అనుమతి లేదన్నది రుజువు కావాలి. పెట్టినవాళ్లు ఎప్పుడు పెట్టారో, ఎవరిని అడక్కుండా పెట్టారో ప్రమాణం చేసి కాగితం మీద రాసివ్వాలి. కనిపెట్టిన మనిషీ రాయాలి.

"ఇక నీ సంగతి," అన్నారు చివర్లో. "ఒకరి రహస్యం నీ ఇంట్లోంచి బయటికెళ్లింది. అలాంటప్పుడు ఇంకొకరి కాగితాలు నీ చేతికి ఎలా ఇవ్వను? దీన్ని ఎలా సరిచేస్తావో చూశాక చెప్తాను."

ఫోన్ పెట్టేశాక చాందిని నావైపు చూడలేదు. నన్ను రాయమని అడగనూ లేదు. నేను చెప్పులు వేసుకుని బజారుకి వెళ్లాను.

దారిలో నాకు తోచినవి ఇవి. ప్రమాణమంటే కోర్టు. కోర్టంటే పోలీసులు. మావారి ఉద్యోగం ఇంకా ఏడేళ్లుంది, నా పేరు మీద కేసు పడితే అది ఏమవుతుంది. ఆడవాళ్ల గ్రూపులో నలభై మూడు పేర్లూ బయటికొస్తాయి. గంగారత్నం గారు మా ఇంటి గడప తొక్కరు. షాపు చేరేసరికి వీటిల్లో చివరిదొక్కటే కాస్త బాగుందనిపించింది.

భూషణం ఒక కిటికీ చట్రం అతుకుతున్నాడు. నన్ను చూసి ఆపలేదు. మెరుపు ఆగేదాకా నేను పక్కకి చూస్తూ నిలబడ్డాను.

"ఆ చేతులు నావే భూషణం," అన్నాను.

అతను మొహానికి అడ్డం పెట్టుకున్న అద్దం పైకెత్తాడు. "ఎరుకే అక్కా. గాజులు ఎరుకే. బిడ్డ తన మీద వేసుకుంటుంటే ఊకున్న."

ఎందుకు పెట్టానో చెప్పాను. ప్రసాదం పెడుతూ ఆవిడ అన్న మాట కూడా చెప్పాను. అతను చట్రం నేల మీద పెట్టేసి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"గట్ల అన్నరా?" అన్నాడు. గుడ్డ భుజాన వేసుకుని, "నన్ను గురించి అంతమంది మాట్లాడుకుంటున్నరని వెంకమ్మకి తెలిస్తే సంబరపడ్తది," అన్నాడు.

అది వేళాకోళమో కాదో నాకు తెలియలేదు. రాజశేఖర్ గారు చెప్పిందంతా అప్పజెప్పాను. మర్నాడు దంతెవాడ వస్తానన్నాడు.

దంతెవాడ కోర్టు బయట నోటరీ రేకుల షెడ్డులో కూర్చుంటాడు. హిందీ మనిషి. చాందిని రెండు కాగితాలూ హిందీలో రాసుకొచ్చింది. ముందు నాది చదివాడు. ఫలానా తేదీన, ఫలానా సమయంలో, భూషణం అనుమతి లేకుండా, అతను వద్దన్న తర్వాత కూడా, వీడియో ఒకటీ బొమ్మలు రెండూ గ్రూపులో పెట్టాను. కళ్లద్దాల పైనుంచి నావైపు చూసి, ఇందులో అబద్ధముంటే జైలు, రేపు ఎవరైనా సవాలు చేస్తే కోర్టుకి పిలుస్తారు, తెలిసే సంతకం పెడుతున్నారా అని అడిగాడు. నేను పెన్ను పట్టుకున్నాను. అది కాగితం మీద ఆనడం లేదు.

భూషణం లేచి నిలబడ్డాడు.

"ఆగు అక్కా. బిడ్డా, గది మార్చి రాయి. నేనే చూపమన్ననని రాయి. నేనే చెప్పిన, అక్క పెట్టింది. ఇంట్ల మనిషి, ఏముంది దాంట్ల."

"మామా, ఆ ఒక్క ముక్కతో నీ మిషను పోతుంది," అంది చాందిని.

"పోతే పోనీ. ఇంకొకటి చేస్త. అక్కని కోర్టు మెట్లు ఎక్కిస్తనా?"

చాందిని ఇంకేమీ అనలేదు. ఏమన్నా, నేను సంతకం పెట్టాలనే అన్నట్టవుతుంది. కాగితం వైపు చూస్తూ కూర్చుంది. నోటరీకి తెలుగు రాదు, ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆ క్షణంలో నాకు ఊపిరాడిందని ఒప్పుకోవాలి. నేను పెన్ను కింద పెట్టేస్తే చాలు. అతనే చెప్పమంటున్నాడు, మనస్ఫూర్తిగా అంటున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. మావారి ఉద్యోగానికి ఏమీ కాదు. చాందిని హైదరాబాదు వెళ్లదు. వచ్చే ఏడు బీఈడీ చేస్తుంది. నడిచి వెళ్లేంత దూరంలో స్కూలు. నేను మొదట్నుంచీ కోరుకున్నదంతా ఆ బల్ల మీద ఉంది, ఎవరూ నన్ను తప్పు పట్టరు.

కానీ అతను చెప్పబోతున్నది అబద్ధం. నా కోసం ప్రమాణం మీద చెప్పబోతున్నాడు. ఆ పని చేసేవాడు అతను, పోగొట్టుకునేవాడూ అతనే.

"నువ్వు నాకు చెప్పలేదు భూషణం," అన్నాను. "ఎవ్వరికీ చూపకు అక్కా అన్నావు. ట్యాంకు పక్కన నిలబడి అన్నావు. నేను విన్నాను. విని కూడా పెట్టాను. అలాగే ఉండనీ."

"అక్కా..."

"కూర్చో."

అతను కూర్చున్నాడు. నేను నాకొచ్చిన హిందీలో నోటరీకి అదే మాట ఇంకోసారి చెప్పాను. అతను అనుమతి ఇవ్వలేదు, కాగితంలో ఉన్నదే నిజం అని. నోటరీ మరి ఎందుకు పెట్టారని అడిగాడు. కాగితానికి అవసరం లేకపోయినా తెలుసుకోవాలని అడిగినట్టుంది. పిల్ల ఖాళీగా లేదని నలుగురికీ చెప్పడానికి అన్నాను. అతను ఆ కారణాన్ని కూడా చేత్తో ఒక వరస రాయించి, పక్కన ముద్ర వేశాడు. నేను రెండు చోట్ల సంతకం పెట్టాను. అక్షరాలు పదో తరగతి పరీక్షలో కంటే వంకరగా వచ్చాయి. భూషణం తన కాగితం మీద పెట్టాడు.

చాందిని రెండూ అక్కడే ఫొటో తీసి హైదరాబాదు పంపింది. ముందు రోజు సాయంత్రానికే దరఖాస్తంతా సిద్ధం చేసి ఆయనకి ఇచ్చి ఉంచింది. మిగిలిన ఆ ఒక్క సందు మూసిందో వదిలేసిందో నేను అడగలేదు. బచేలి బస్సు ఎక్కాక దరఖాస్తు నంబరు ఫోన్లో వచ్చింది. పన్నెండు అంకెలు. భూషణం ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఆ నంబరు తన ఫోన్లో చాందిని చేత ఎక్కించుకున్నాడు. ఇంక మిషను షాపు ముందర పెట్టుకోవచ్చా అని అడిగాడు. పెట్టుకోవచ్చంది. గీదం వ్యాపారికి ఫోన్ చేసి, చేతనవుతుందని చెప్పాడు.

సాయంత్రం రాజశేఖర్ గారు ఫోన్ చేశారు. చాందినితో కాసేపు మాట్లాడి, నన్ను పిలవమన్నారట. నేను ఫోను తీసుకుని నిలబడ్డాను. ఆయన మామూలు మనిషిలాగే మాట్లాడారు.

"భూషణం గారు మాట మార్చబోతే మీరే ఆపారటమ్మా."

"తప్పు నాదే కదండీ. ఇప్పుడు ఇది నిలుస్తుందా సార్?"

"నిలవచ్చు. నిలవకపోనూ వచ్చు. ఆఫీసువాళ్లు చూడాలి, చాలా కాలం పడుతుంది. ఈలోగా ఎవరైనా ఎదురు తిరిగితే మిమ్మల్ని పిలిపిస్తారు. ఇవాళ రాసిందే అప్పుడూ చెప్పాల్సి ఉంటుంది."

"చెప్తాను."

"అయితే అమ్మాయిని ఒకటో తారీఖుకి పంపండి. ఆ పొడుగు వాక్యం నేను చదివాను. బాగుంది. కాగితాలు మాత్రం ఇంటికి పట్టుకెళ్లనివ్వను, ఆ మాట చెప్పండి."

చెప్తానన్నాను. ఫోన్ పెట్టేసి క్యాలెండరు దగ్గరికి వెళ్లాను. ఒకటో తారీఖుకి పదకొండు రోజులుంది. హైదరాబాదులో రోడ్డు ఎంత వెడల్పుంటుందో, ఆడపిల్ల ఒక్కతీ దాన్ని ఎక్కడ దాటుతుందో, కింద పడితే ఎవరు లేవదీస్తారో వరసగా ఆలోచించడానికి అది సరిపోతుంది.